బాక్సర్ దృఢత్వం: దెబ్బలు తినడమా, దెబ్బలను తెలుసుకోవడమా?



2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా తీరానికి దగ్గరలో సముద్రగర్భంలో పెద్ద భూకంపం వచ్చింది. దాని వల్ల పుట్టిన సునామీ అలలు నికోబార్ దీవులను ముంచెత్తాయి. అప్పుడు కార్ నికోబార్‌లో డెబోరా హెరాల్డ్ అనే బాలిక వయస్సు తొమ్మిదేళ్ళు. ఆ అమ్మాయి ఒక చెట్టును పట్టుకుని, కొన్ని రోజులపాటు ఆ చెట్టు మీదే ఉండి ప్రాణాలు దక్కించుకుంది. తరువాతి కాలంలో ఆమె భారతదేశంలోని అత్యంత వేగవంతమైన మహిళా సైక్లిస్టులలో ఒకరుగా పేరు తెచ్చుకుంది. ఆమె కథ విన్నవారందరూ "ఎంత గట్టి పిల్ల!" అంటారు.

ఆ మాట నిజమే. అయితే చెట్టు మీద నిలబెట్టిన గట్టిదనమూ, సైకిల్ ట్రాక్ మీద గెలిపించిన గట్టిదనమూ ఒకటేనా? మొదటిది ఆపద మీద పడినప్పుడు బయటపడింది. రెండవది ఢిల్లీలోని వెలోడ్రోమ్‌లో రోజూ గంటల తరబడి చేసిన సాధనతో వచ్చింది. ఈ రెండింటికీ తేడా తెలియనివారు "కొందరు పుట్టుకతోనే మొండివాళ్ళు" అని తేల్చేస్తారు. ఈ అపోహ అన్ని క్రీడలలోనూ ఉంది. బాక్సింగ్‌లో అది మరీ ఎక్కువ, మరీ ప్రమాదకరం. ఎక్కువ దెబ్బలు తిని నిలబడ్డవాడే గొప్ప బాక్సర్ అని చాలామంది అనుకుంటారు. అది ఎంతవరకు నిజమో, రింగులో ఒక బాక్సర్‌ను గట్టివాడిగా లేదా గట్టి అమ్మాయిగా నిలబెట్టేది ఏమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రింగులో పరిస్థితి

ముందుగా బాక్సింగ్ పోటీ ఎలా జరుగుతుందో చూద్దాం. అంతర్జాతీయ పోటీలలో రింగు తాళ్ళ లోపల ఒక్కొక్క వైపు సుమారు 6.1 మీటర్లు ఉండే చతురస్రం. ఒలింపిక్ తరహా పోటీలో ఒక్కొక్కటి 3 నిమిషాల చొప్పున 3 రౌండ్లు ఉంటాయి. రౌండుకూ రౌండుకూ మధ్య 1 నిమిషం విశ్రాంతి. అయిదుగురు న్యాయనిర్ణేతలు ప్రతి రౌండులోనూ మెరుగైన బాక్సర్‌కు 10 మార్కులు, రెండవవారికి సాధారణంగా 9 మార్కులు ఇస్తారు. బాక్సర్లను శరీర బరువును బట్టి తరగతులుగా విభజిస్తారు.

అంటే మొత్తం ఆట 9 నిమిషాలే. పొలం పనీ, పడవ పనీ చూసినవారికి 9 నిమిషాలంటే ఒక లెక్క కాదు. కానీ ఒకసారి గడియారం ముందు నిలబడి, రెండు చేతులూ గడ్డం ఎత్తున పట్టుకుని, కాళ్ళు ఆడిస్తూ గాలిలోనే 3 నిమిషాలు పిడికిళ్ళు విసిరి చూడండి. రెండవ నిమిషానికే భుజాలు బరువెక్కుతాయి. ఎదురుగా మరొకరు ఉండి తిరిగి కొడుతుంటే పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

దెబ్బలోని భౌతికశాస్త్రం

పిడిగుద్దులో ఎంత బలం ఉంటుంది? 1985లో బ్రిటన్‌లో ఫ్రాంక్ బ్రూనో అనే హెవీవెయిట్ బాక్సర్ దెబ్బను శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో కొలిచారు. అతని పిడికిలి సెకనుకు సుమారు 8.9 మీటర్ల వేగంతో వెళ్ళి, 4096 న్యూటన్ల గరిష్ఠ బలంతో తాకింది. 4096ను గురుత్వ త్వరణం 9.8తో భాగించి చూడండి. దాదాపు 418 కిలోల బరువుకు సమానమైన బలం అది. అయితే ఆ బలం కన్నుమూసి తెరిచేలోగా వచ్చి పోతుంది.

ఇక్కడ మీరు పాఠశాలలో నేర్చుకున్న ప్రచోదనం గుర్తు చేసుకోవాలి. బలాన్ని కాలంతో గుణిస్తే ద్రవ్యవేగంలో వచ్చే మార్పు వస్తుంది. ఉదాహరణకు, దెబ్బలో పాల్గొనే చేతి ద్రవ్యరాశి 3 కిలోలు, వేగం సెకనుకు 9 మీటర్లు అనుకుందాం. ద్రవ్యవేగం 27 ప్రమాణాలు. ఆ చెయ్యి సెకనులో నూరవ వంతు కాలంలో ఆగితే సగటు బలం 2700 న్యూటన్లు. అదే దెబ్బ ఆగడానికి సెకనులో యాభయ్యవ వంతు కాలం పడితే బలం 1350 న్యూటన్లు, అంటే సగం. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులను వెనక్కి తీసుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

అనుభవం ఉన్న బాక్సర్ దెబ్బ వచ్చే దిశలోనే తలను కొద్దిగా పోనిస్తాడు. చూసేవారికి దెబ్బ తగిలినట్లే ఉంటుంది. కానీ తాకిడి కాలం పెరగడంతో బలం తగ్గిపోతుంది. కొత్తవాడు భయంతో ముందుకు తూలుతాడు. అప్పుడు అతని తల వేగమూ, ఎదుటివాడి పిడికిలి వేగమూ కలిసి దెబ్బ రెట్టింపు బరువుతో తగులుతుంది. ఇద్దరూ తిన్నది ఒకే దెబ్బ కావచ్చు. "వాడు గట్టివాడు, వీడు మెత్తనివాడు" అని మనం అనుకునే సందర్భాలలో చాలావాటికి కారణం ఈ చిన్న కదలికే.

తల ఎందుకు తిరుగుతుంది?

మనిషి మెదడు బరువు దాదాపు 1.3 నుంచి 1.4 కిలోలు. అది పుర్రెలో మస్తిష్క మేరు ద్రవంలో తేలుతూ ఉంటుంది. కుండలోని పెరుగులా మెత్తగా ఉండే ఈ అవయవం తల కదిలినప్పుడల్లా జడత్వం వల్ల కొద్దిగా వెనుకబడుతుంది. మెల్లగా కదిలితే ఏమీ కాదు. ఒక్కసారిగా కదిలితే మెదడు లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. పొడవైన నాడీతంతువులు సాగుతాయి.

ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త 1943లో ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. పుర్రె ఆకారంలోని పాత్రలో జెలటిన్ నింపి పరీక్షించి, తల తిన్నగా వెనక్కి నెట్టబడినప్పటి కంటే గిర్రున తిరిగినప్పుడే మెదడుకు ఎక్కువ హాని జరుగుతుందని అతడు వివరించాడు. గడ్డం మీద పక్కనుంచి తగిలే దెబ్బకు బాక్సర్ కుప్పకూలడానికి కారణం ఇదే. తల మెడ మీద తిరిగే అక్షం నుంచి గడ్డం కొన చాలా దూరంలో ఉంటుంది. తలుపును కీలు దగ్గర నెడితే కదలదు, గడియ దగ్గర నెడితే సులభంగా తెరుచుకుంటుంది. గడ్డం మన తలకు గడియ లాంటిది.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. "గట్టి దవడ" అని బాక్సింగ్ అభిమానులు మెచ్చుకునేదానికి దవడ ఎముకతో పెద్దగా సంబంధం లేదు. గడ్డాన్ని ఛాతీ వైపు దించి భుజం చాటున ఉంచడం, మెడ కండరాలను సరైన క్షణంలో బిగించడం అనే రెండు అలవాట్లలోనే ఆ గట్టిదనం చాలావరకు ఉంది.

మెడ బిగిస్తే ఏమవుతుంది? తల బరువు సుమారు 5 కిలోలు. 2000 న్యూటన్ల బలం 5 కిలోల తలకు మాత్రమే తగిలితే త్వరణం 400 ప్రమాణాలు. మెడ బిగియడం వల్ల పైశరీరం కూడా కలిసివచ్చి, కదలవలసిన ద్రవ్యరాశి 8 కిలోలు అయిందనుకుందాం. అప్పుడు త్వరణం 250కి తగ్గుతుంది. ఇవి విషయం అర్థం కావడానికి వేసిన లెక్కలే కానీ సూత్రం మాత్రం నిజమైనదే. అమెరికాలో ఉన్నత పాఠశాల క్రీడాకారులపై జరిగి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మెడబలం ఎక్కువగా ఉన్నవారిలో మెదడు అదురుపాటు తక్కువగా కనిపించింది.

కానీ మెడ బిగించాలంటే దెబ్బ వస్తోందని ముందు తెలియాలి. కనిపించని దెబ్బే పడగొడుతుందని బాక్సింగ్ శిక్షకులు చెప్పే మాటకు అర్థం ఇదే.

చూపు: పిడికిలిని కాదు, భుజాన్ని

కంటికి కనిపించిన దానికి చెయ్యి స్పందించడానికి ఆరోగ్యవంతుడైన యువకుడికి దాదాపు సెకనులో అయిదవ వంతు పడుతుంది. బ్రూనో దెబ్బ బయలుదేరిన సెకనులో పదవ వంతు కాలంలోనే లక్ష్యాన్ని తాకింది. అంటే పిడికిలి బయలుదేరాక చూసి తప్పించుకోవడం మానవమాత్రుడికి సాధ్యం కాదు. మరి బాక్సర్లు ఎలా తప్పించుకుంటున్నారు?

వారు పిడికిలిని చూడరు. పిడికిలి కంటే ముందు పాదం కదులుతుంది, తరువాత నడుము తిరుగుతుంది, ఆ తరువాత భుజం లేస్తుంది. చివరికి చెయ్యి వస్తుంది. ఈ వరుసను వేలసార్లు చూసిన కన్ను మొదటి గుర్తు దొరకగానే చివరిది ఊహిస్తుంది. మన దీవుల్లో పడవ నడిపేవారు అల విరగకముందే నీటి రంగునూ గాలినీ బట్టి పడవను మళ్ళిస్తారు కదా. ఇదీ అటువంటి చదువే. కాబట్టి బాక్సర్ దృఢత్వంలో మొదటి భాగం అతని కళ్ళలోనూ, కాళ్ళలోనూ ఉంది.

ఊపిరి, గుండె

రెండవ భాగం శ్వాస. దెబ్బ విసరడం క్షణంలో జరిగే పని. దానికి కావలసిన శక్తి కండరాలలో నిలవ ఉన్న ఫాస్ఫేట్ సమ్మేళనాల నుంచి వస్తుంది. ఆ నిలవ కొన్ని సెకన్లకే తరిగిపోతుంది. దానిని మళ్ళీ నింపేది ఆక్సిజన్‌తో జరిగే వాయుసహిత శ్వాసక్రియ. అందుకే 9 నిమిషాల పోటీలో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం చివరికి ఊపిరితిత్తులు, గుండె మీదే ఆధారపడి ఉంటుంది. బాక్సర్లు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తడం ఇందుకోసమే.

అలసటకూ దెబ్బకూ దగ్గరి సంబంధం ఉంది. అలసిన బాక్సర్ చేతులు దిగుతాయి, గడ్డం లేస్తుంది, మెడ కండరాలు ఆలస్యంగా బిగుస్తాయి, కాళ్ళు ఒకేచోట నిలిచిపోతాయి. మొదటి రౌండులో తప్పించుకున్న దెబ్బే మూడవ రౌండులో తగులుతుంది. 1 నిమిషం విశ్రాంతిలో ఎవరి గుండె వేగం త్వరగా దిగుతుందో వారు తరువాతి రౌండులో "గట్టివారు"గా కనిపిస్తారు. చూసేవారు దాన్ని ధైర్యం అంటారు. దానిలో సగం ధైర్యమైతే, మిగిలిన సగం నెలల తరబడి చేసిన పరుగు.

నొప్పి గురించి రెండు మాటలు

నొప్పి విషయంలో శాస్త్రవేత్తలు రెండు స్థాయిలను వేరుచేసి చూస్తారు. మొదటిది నొప్పి తెలిసే స్థాయి. అంటే ఎంత తాకిడికి "ఇది నొప్పి" అనిపిస్తుందనేది. రెండవది నొప్పిని ఓర్చుకునే స్థాయి. క్రీడాకారులనూ, సాధారణ వ్యక్తులనూ పోల్చిన పరిశోధనలలో మొదటి స్థాయిలో తేడా అంత నిలకడగా కనిపించలేదు. రెండవ స్థాయి మాత్రం క్రీడాకారులలో ఎక్కువగా ఉంది. అంటే బాక్సర్‌కు కూడా మీకు తెలిసినట్లే నొప్పి తెలుస్తుంది. అతడు దానితో కలిసి పనిచేయడం నేర్చుకున్నాడు. సాధనలో తెలిసిన నొప్పి, పరిచయం ఉన్న నొప్పి భయం పుట్టించదు. భయం లేనిచోట కండరాలు బిగుసుకుపోవు, శ్వాస చెదరదు.

అయితే ఓర్పుకు లొంగని దెబ్బలు కూడా ఉన్నాయి. కుడివైపు పక్కటెముకల కింద కాలేయం ఉంటుంది. అక్కడ సూటిగా గుద్దు తగిలితే నాడీవ్యవస్థ తనంతట తానే స్పందిస్తుంది. రక్తపీడనం పడిపోతుంది, కాళ్ళలో పట్టు తప్పుతుంది. ఎంతటి మొండివాడైనా ఆ క్షణంలో లేవలేడు. తల తిరిగి స్పృహ తప్పడం కూడా అంతే. అది మనోబలానికి సంబంధించినది కాదు, శరీరధర్మం. కాబట్టి పడిపోయిన బాక్సర్‌ను పిరికివాడు అనడం అజ్ఞానం.

నిజామాబాద్ నుంచి ఇస్తాంబుల్ దాకా

ఇంతవరకు శరీరం గురించి చెప్పుకున్నాం. ఇక మనసు గురించి చూద్దాం. మనకు దగ్గరి ఉదాహరణ నిఖత్ జరీన్. ఆమె 1996లో తెలంగాణలోని నిజామాబాద్‌లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా క్రీడాకారుడు. ఆయనే ఆమెకు మొదట పరుగు నేర్పించాడు. మైదానంలో మిగతా ఆటలన్నింటిలోనూ అమ్మాయిలు కనిపిస్తున్నారు, బాక్సింగ్‌లో మాత్రం ఎందుకు లేరని ఆమె తండ్రిని అడిగిందట. ఆ ప్రశ్నతోనే ఆమె బాక్సింగ్‌లోకి వచ్చింది. నిజామాబాద్‌లో ఓనమాలు నేర్చుకుని, తరువాత విశాఖపట్నంలో శిక్షణ పొందింది.

2011లో టర్కీలోని అంతాల్యాలో ఆమె జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పుడు వయస్సు 15 ఏళ్ళు లోపే. ఆ తరువాత దారి సాఫీగా సాగలేదు. 2017లో భుజానికి గాయమై దాదాపు ఏడాది పాటు రింగుకు దూరమైంది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు జట్టును ఎంపిక చేసేటప్పుడు, తనకూ న్యాయమైన పోటీ అవకాశం ఇవ్వాలని కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీ కోమ్‌తో డిసెంబరులో ఢిల్లీలో పోటీ జరిగింది. నిఖత్ 1-9 తేడాతో ఓడిపోయింది.

విద్యార్థులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తానే అడిగి తెచ్చుకున్న అవకాశంలో, దేశమంతా చూస్తుండగా, అంత తేడాతో ఓడిపోవడం ఎటువంటి దెబ్బ? దానికి చేతితొడుగులు లేవు, తలతొడుగు లేదు. ఆ తరువాత ఆమె చేసిందల్లా మళ్ళీ సాధనకు వెళ్ళడం. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ క్రీడాకారిణి జిత్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించింది. 5-0 అంటే ఏకపక్షంగా సాగిందని అనిపిస్తుంది. కానీ మార్కుల పట్టిక చూస్తే ఇద్దరు న్యాయనిర్ణేతలు 30-27 ఇస్తే, ముగ్గురు 29-28 ఇచ్చారు. అంటే ఆ ముగ్గురి దృష్టిలో ఒక రౌండు ఆమె కోల్పోయింది. ఒక రౌండు చేజారినా కంగారుపడకుండా, తన పద్ధతిని నిలబెట్టుకోవడమే ఆమెను గెలిపించింది. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ఆమె రెండవసారి ప్రపంచ ఛాంపియన్ అయింది.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా క్రీడాకారిణి వూ యూ చేతిలో ఆమె 0-5తో ఓడిపోయింది. బరువు తగ్గించుకోవడానికి అంతకుముందు తిండీ నీళ్ళూ మానవలసి వచ్చిందని ఓటమి తరువాత విలేకరులకు చెప్పింది. ఇందులోనూ మనకు పాఠం ఉంది. శరీరంలో నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె ఎక్కువ శ్రమపడుతుంది, అలసట త్వరగా వస్తుంది. ఎంత మానసిక దృఢత్వమైనా శరీరంలో లేని నీటిని పుట్టించలేదు. అక్కడితో ఆమె ఆగిపోలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచింది.

మానసిక దృఢత్వం అంటే ఓడిపోకపోవడం కాదు. ఓటమికి కారణం వెతికి, సరిదిద్దుకుని, మళ్ళీ అదే గీత దగ్గరికి రావడం. అది పుట్టుకతో వచ్చే గుణం కంటే నేర్చుకున్న అలవాటు అనడమే సరైనది.

దృఢత్వం పేరిట జరిగే హాని

ఇప్పుడు ఈ పాఠంలో అన్నింటికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. దెబ్బలు తినడమే గొప్ప అనుకుంటే ఏమవుతుంది?

1928లో హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు కొందరు పాత బాక్సర్లలో తడబడే నడక, ముద్దమాట, మందగించిన ఆలోచన గమనించి వైద్య పత్రికలో రాశాడు. తాగకుండానే తాగినవారిలా కనిపించే ఈ స్థితి తలకు పదేపదే తగిలిన దెబ్బల ఫలితమని ఆయన అభిప్రాయపడ్డాడు. 1973లో కార్సెలిస్, అతని సహచరులు చనిపోయిన 15 మంది బాక్సర్ల మెదళ్ళను పరిశీలించి, వాటిలో జరిగిన నష్టాన్ని వివరించారు. బాక్సర్ స్పృహ తప్పి పడిపోయినప్పుడే హాని జరుగుతుందని అనుకోకూడదు. పడిపోకుండా ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలు కూడా కూడుతూనే ఉంటాయి.

ముహమ్మద్ అలీ పేరు మీరందరూ వినే ఉంటారు. యవ్వనంలో అతని గొప్పతనం దెబ్బ తగలనివ్వకపోవడంలో ఉండేది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్‌తో పోరాడుతూ తాళ్ళకు ఆనుకుని దెబ్బలు కాచుకున్నాడు. ఎదుటివాడిని అలసిపోనిచ్చి ఎనిమిదవ రౌండులో పడగొట్టాడు. ప్రపంచం జేజేలు పలికింది. మరుసటి ఏడాది మనీలాలో జో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు తలపడ్డాడు. 1984లో, 42 ఏళ్ళ వయస్సులో, అతనికి పార్కిన్సన్ వ్యాధి లక్షణాలున్నట్లు వైద్యులు గుర్తించారు. 2016లో మరణించేవరకు ఆ బాధ అతనిని వదలలేదు. ఆ వ్యాధికి దెబ్బలే ఏకైక కారణమని అందరు వైద్యులూ ఒక్కమాట మీద చెప్పలేదు. కానీ అతడు ఓర్చుకున్న దెబ్బలను గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ చివరి ముప్ఫై ఏళ్ళను కూడా గుర్తు చేసుకోవాలి.

1982 నవంబరు 13న దక్షిణ కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్, అమెరికన్ రే మాన్సినీతో తలపడ్డాడు. 14వ రౌండు వరకు మొండిగా నిలబడ్డాడు. ఆ రౌండులో పడిపోయి, కొన్ని రోజుల తరువాత మెదడు గాయంతో మరణించాడు. ఆ విషాదం తరువాత ప్రపంచ బాక్సింగ్ మండలి తన టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12 రౌండ్లకు తగ్గించింది. మొండితనానికి హద్దు ఉండాలని నియమాలే ఒప్పుకున్నాయన్నమాట.

తలతొడుగు పెట్టుకుంటే ప్రమాదం పోతుందని కూడా అనుకోవద్దు. తలతొడుగు చర్మం చిట్లకుండా కాపాడుతుంది. తల గిర్రున తిరగకుండా ఆపలేదు. 2013 నుంచి ఉన్నత స్థాయి పురుషుల ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో దానిని తీసివేశారు. నిజమైన రక్షణ బాక్సర్ నైపుణ్యంలోనూ, పోటీని సమయానికి ఆపే రెఫరీలోనూ, తువ్వాలు విసరడానికి సంకోచించని శిక్షకునిలోనూ ఉంది.

దీవుల విద్యార్థులు గుర్తుంచుకోవలసినవి

అండమాన్ నికోబార్ దీవుల్లో క్రీడలకు కొరత లేదు. పడవ పందేలు, ఫుట్‌బాల్, సైక్లింగ్‌లలో ఇక్కడి పిల్లలు పేరు తెచ్చుకున్నారు. కార్ నికోబార్‌కు చెందిన ఈసో ఆల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్‌లో రజత పతకం గెలిచాడు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ మైదానాలలోనే ఆడుతున్నారు. మీలో ఎవరైనా బాక్సింగ్ నేర్చుకోవాలనుకుంటే, లేదా ఏ ఆటలోనైనా తలకు దెబ్బ తగిలితే, ఈ క్రింది విషయాలు మరువవద్దు.

మొదటిది: తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం, చూపు మసకబారడం, జరిగినది గుర్తు లేకపోవడం, మాట తడబడటం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆట ఆపాలి. ఆ రోజు మళ్ళీ ఆడకూడదు. మొదటి అదురుపాటు నయం కాకముందే రెండవ దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణాపాయం కలగవచ్చు. ఇటువంటి సంఘటనలు యువకులలోనే ఎక్కువగా నమోదయ్యాయి.

రెండవది: పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, ఫిట్స్, మగత, రెండు కంటిపాపలు వేరువేరు పరిమాణంలో ఉండటం అత్యవసర లక్షణాలు. నగరంలోనైతే నిమిషాలలో పెద్దాసుపత్రికి వెళ్ళవచ్చు. ఇక్కడ పరిస్థితి వేరు. కార్ నికోబార్‌కూ, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కూ మధ్య సుమారు 270 కిలోమీటర్ల సముద్రం ఉంది. పెద్ద చికిత్సకు అక్కడి జి.బి. పంత్ ఆసుపత్రికి ఓడలోనో, హెలికాప్టర్‌లోనో వెళ్ళాలి. రాత్రి వేళ, తుపాను వేళ అదీ కష్టం. కాబట్టి "పొద్దున చూద్దాం" అనే మాట దూరపు దీవులలో మరీ ప్రమాదకరం. లక్షణం కనిపించగానే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి చెప్పాలి.

మూడవది: దెబ్బ సంగతి దాచవద్దు. జట్టులో చోటు పోతుందనో, స్నేహితులు నవ్వుతారనో చాలామంది దాస్తారు. తోటి ఆటగాడు దాస్తుంటే మీరు శిక్షకునికి చెప్పండి. అది చాడీ కాదు, స్నేహధర్మం. దెబ్బకు పడిపోయిన బాక్సర్‌ను కనీసం 30 రోజులు రింగులోకి రానివ్వకూడదని ఒలింపిక్ తరహా బాక్సింగ్ నియమాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పెద్ద ఛాంపియన్లకు వర్తించే జాగ్రత్త మీకు వర్తించదా?

నాలుగవది: అర్హత ఉన్న శిక్షకుడు లేకుండా, చేతితొడుగులు లేకుండా, బరువులో తేడా ఉన్నవారితో సరదాకైనా తలపడవద్దు. మొదటి నెలల్లో నేర్చుకోవలసినవి నిలబడే తీరు, అడుగులు, శ్వాస, మెడ వ్యాయామం. పిడికిలి చివరి పాఠం.

ముగింపు

ఈ పాఠంలో మనం తెలుసుకున్నది ఏమిటి? బాక్సర్ దృఢత్వం ఒకే గుణం కాదు. దెబ్బను ముందుగా పసిగట్టే కన్ను, తప్పుకునే కాలు, బిగిసే మెడ, త్వరగా కుదుటపడే గుండె, నొప్పికి బెదరని అలవాటు, ఓటమి నుంచి నేర్చుకునే మనసు అన్నీ కలిస్తేనే అది ఏర్పడుతుంది. వీటిలో ప్రతి ఒక్కటీ సాధనతో పెరిగేదే. సాధనతో పెరగనిది ఒక్కటే, మెదడుకు దెబ్బలు తట్టుకునే శక్తి. కండరం సాధనతో గట్టిపడుతుంది. మెదడు దెబ్బలతో గట్టిపడదు.

చిన్న డెబోరా సునామీ అలకు ఎదురు నిలబడలేదు. అందిన చెట్టును పట్టుకుని, నీరు తగ్గేవరకు దానిని వదలలేదు. ఏది ఎదిరించాలో, ఏది తప్పించుకోవాలో తెలుసుకోవడం కూడా దృఢత్వమే. రింగులోనైనా, బయటనైనా ఈ తేడా తెలిసినవారే చివరివరకు నిలుస్తారు.

ఆలోచించండి

1. దెబ్బ వచ్చే దిశలో తలను కదిలిస్తే బలం ఎందుకు తగ్గుతుంది? ప్రచోదన సూత్రంతో వివరించండి.

2. పిడికిలిని చూసి దెబ్బ తప్పించుకోవడం ఎందుకు సాధ్యం కాదు? బాక్సర్ దేనిని గమనిస్తాడు?

3. నొప్పి తెలిసే స్థాయికీ, నొప్పిని ఓర్చుకునే స్థాయికీ తేడా ఏమిటి?

4. మీ పాఠశాల మైదానంలో ఒక ఆటగాడి తలకు దెబ్బ తగిలి, "నాకేం కాలేదు" అంటూ మళ్ళీ ఆడబోతున్నాడు. మీరు ఏం చేస్తారు? మీ ఊరి నుంచి ఆసుపత్రికి ఉన్న దూరాన్ని కూడా దృష్టిలో ఉంచుకుని సమాధానం రాయండి.